మధుమేహి – విదేశయానం

గత సంవత్సరం శ్రావణమాసంలో మా మేనల్లుడు పై చదువుకు అమెరికాకు బయలుదేరినాడు. ప్రయాణానికి ముందునాటి రాత్రి విజయవాడలో మా అక్కయ్యగారి ఇంటి హాలంతా పెట్టెలతో నిండి ఉన్నది. ఒక పెట్టెలో ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి. మరొక పెట్టెలో దుస్తులు, పుస్తకాలు. మా బావగారు ఒక్కొక్క పెట్టెను కొక్కెపు త్రాసుకు తగిలించి బరువు చూస్తున్నారు. ఇంత హడావుడిలోనూ మా అక్కయ్య చేతిలో ఒక చిన్న అట్టపెట్టె పట్టుకొని గోడవారగా నిలుచుండిపోయినది. అందులో బొటనవ్రేలంత గాజు సీసాలు ఉన్నవి. అవి ఇన్సులిను సీసాలు.

"ఏరా తమ్ముడూ, వీటిని ఏ పెట్టెలో పెట్టమంటావురా?" అని అడిగినది.

ఆ ప్రశ్న సీసాలను గురించినది మాత్రమే కాదని నాకు తెలుసు. పిల్లవానికి పదకొండవ యేట మధుమేహం వచ్చినది. నాటినుంచి రోజుకు నాలుగు సూదులు. అర్ధరాత్రి వానికి చెమటలు పోసి మాట తడబడినప్పుడు లేచి పంచదార నీళ్ళు కలిపి ఇచ్చినది ఆమె. పదకొండేళ్ళు కంటికి రెప్పవలె కాచిన బిడ్డను, ఎవరూ లేని దేశానికి ఈ నాలుగు సీసాలను నమ్మి పంపవచ్చునా అన్నది ఆమె అడగని ప్రశ్న. ఆ రాత్రి నేను సరియైన సమాధానం చెప్పలేకపోయినాను. తరువాత ఈ విషయమై చదివినది, విన్నది, వైద్యులవల్ల తెలుసుకొన్నది కలిపి ఇప్పుడు చెప్పదలచినాను. ఎందుకంటే మన ఇండ్లలో ఈ రోజున ఇటువంటి పెట్టెలు సర్దేవారు చాలామంది ఉన్నారు.

మధుమేహం మనకు కొత్త వ్యాధి కాదు. రోగి మూత్రం తీయగా ఉంటుందని, చీమలు పడతాయని మన ప్రాచీన వైద్యులు గుర్తించి దానికి ఆ పేరు పెట్టినారు. కాని గుర్తించడం వేరు, నయం చేయడం వేరు. ముఖ్యంగా చిన్నవయస్సులో వచ్చే మధుమేహానికి 1922కు ముందు ప్రపంచంలో ఎక్కడా మందు లేదు. మన కడుపులో జీర్ణాశయం వెనుక క్లోమమనే గ్రంథి ఉన్నది. అందులోని కొన్ని కణాలు ఇన్సులిను అనే ద్రవ్యాన్ని తయారుచేసి రక్తంలోకి విడుస్తాయి. తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. అది ఒంటికి పట్టవలెనంటే ఇన్సులిను కావలెను. ఆ కణాలు నశించినవానికి ఎంత తిన్నా ఆకలే, ఎంత త్రాగినా దాహమే. శరీరం తన క్రొవ్వును తానే కరిగించుకొని, చివరకు రక్తం ఆమ్లమయమై, రోగి స్పృహ తప్పి మరణిస్తాడు.

1914 ప్రాంతాలలో న్యూయార్కులో ఫ్రెడరిక్ ఆలెన్ అనే వైద్యుడు ఒక మార్గం ప్రవేశపెట్టినాడు. ఆహారాన్ని దాదాపు ఉపవాసమంత తగ్గిస్తే రోగి కొంతకాలం బ్రతుకుతాడు. మందు వచ్చేవరకు ప్రాణం నిలుపుకొనడమే ఆ చికిత్సలోని ఆశ. ఆ విధంగా ప్రాణం నిలుపుకొన్నవారిలో ఎలిజబెత్ హ్యూస్ ఒకతె. ఆమె తండ్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి. ఆమెకు 1919లో, పదకొండేళ్ళ వయస్సులో, వ్యాధి బయటపడినది. మా మేనల్లునికి వచ్చిన వయస్సే. మూడేళ్ళ ఉపవాస చికిత్సలో ఆ పిల్ల బరువు ఇరవై కిలోలకు దిగిపోయినది.

ఈలోగా కెనడాలో టొరాంటో విశ్వవిద్యాలయంలో, మెక్లియోడ్ ఆచార్యుని ప్రయోగశాలలో, 1921 వేసవిలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువశస్త్రవైద్యుడు, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి కలిసి కుక్కల క్లోమాలనుంచి ఒక రసం తీసినారు. జేమ్స్ కాలిప్ అనే రసాయనవేత్త దానిని శుద్ధిచేసినాడు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే పదునాలుగేళ్ళ బాలునికి ఆ రసం ఎక్కించినారు. జనవరి 11న వేసిన మొదటి సూది అంతగా ఫలించలేదు. జనవరి 23న కాలిప్ శుద్ధిచేసిన రసంతో మళ్ళీ మొదలుపెట్టగా, రక్తంలో చక్కెర దిగినది. బాలుడు లేచి కూర్చున్నాడు. ఇన్సులిను చికిత్సకు అది మొదటి విజయం.

ఆ వార్త తెలిసినప్పటినుంచి మధుమేహి ప్రయాణమంటే మందు ఉన్నచోటికి చేసే ప్రయాణం అయినది. 1922 ఆగస్టులో ఎలిజబెత్ తల్లి కూతురిని టొరాంటోకు తీసుకొనిపోయినది. బాంటింగ్ చికిత్సలో కొద్ది వారాలలోనే ఆ పిల్ల ఒంటికి కండ పట్టినది. మూడేళ్ళుగా ఎరుగని రొట్టె, బంగాళాదుంప రుచి చూచినది. ఆమె చదువుకొన్నది, పెండ్లాడినది, బిడ్డలను కన్నది. 1981లో మరణించినది. మూడేళ్ళు పస్తుండి పొందిన ఆ మందును తరువాత యాభై ఎనిమిదేళ్ళకు పైగా తీసుకొన్నది. ఆమె తన జీవితంలో నలభై వేల సూదులకు పైగా వేసుకొని ఉంటుందని అంచనా.

రెండవ ప్రయాణం ఇంకా విచిత్రమయినది. రాబర్ట్ డేనియల్ లారెన్సు స్కాట్లండు దేశీయుడు, స్వయంగా వైద్యుడు. 1920లో తనకు మధుమేహం ఉన్నదని తెలిసినది. వైద్యుడు గనుక తన గతి ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంటివారి కళ్ళ ఎదుట నశించడం ఇష్టంలేక ఇటలీలోని ఫ్లోరెన్సు నగరానికి పోయి, అక్కడ నివసిస్తున్న ఆంగ్లేయులకు వైద్యం చేస్తూ రోజులు లెక్కపెట్టుకొంటున్నాడు. 1923లో లండను కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలోని మిత్రుడు, జీవరసాయన వైద్యుడు హారిసన్, ఆయనకు ఒక కబురు పంపినాడు: ఇన్సులిను తన చేతికి వచ్చినదని, అది పనిచేస్తున్నదని, వెంటనే తిరిగి రమ్మని. లారెన్సు అప్పటికి నడవలేని స్థితిలో ఉన్నాడు. అయినప్పటికీ మోటారుకారులో ఐరోపా ఖండం దాటి మే నెలాఖరుకు లండను చేరినాడు. మే 31న మొదటి సూది పొందినాడు.

చావుకోసం పరదేశం పోయిన మనిషి బ్రతుకుకోసం తిరిగివచ్చినాడు. తరువాత నలభై అయిదేళ్ళు జీవించి, 1968లో కన్నుమూసినాడు. ఆ మధ్యకాలంలో వేలాది రోగులకు తమ చికిత్స తామే నడుపుకొనే విద్య నేర్పినాడు. రోగికోసమే ఒక పుస్తకం వ్రాసినాడు. తనవలెనే మధుమేహి అయిన రచయిత హెచ్. జి. వెల్స్‌తో కలిసి 1934లో బ్రిటనులో మధుమేహుల సంఘాన్ని స్థాపించినాడు. 1950లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఏర్పడినప్పుడు దాని మొదటి అధ్యక్షుడు ఆయనే. ఈ వ్యాధిలో వైద్యుడు నెలకొకమారు చూచేవాడు, రోగి గంటగంటకూ చూచుకొనేవాడు. ఈ సత్యాన్ని ఆయన తన శరీరంమీదనే నేర్చుకొన్నాడు.

మందు కొరకు మనుషులు ప్రయాణం చేసినట్లే, మందు కూడా మనుషుల కొరకు ప్రయాణం చేసినది. డెన్మార్కు శాస్త్రవేత్త ఆగస్టు క్రోగ్ 1920లోనే నోబెలు బహుమానం పొందినవాడు. ఆయన భార్య మేరీ క్రోగ్ వైద్యురాలు, మధుమేహి. 1922లో ఉపన్యాసాలకై అమెరికా పోయిన క్రోగ్, భార్య ప్రోత్సాహంమీద టొరాంటోకు పోయి, ఇన్సులిను తయారుచేసే విధానాన్ని, అనుమతిని పొంది స్వదేశం చేరినాడు. హాన్స్ క్రిస్టియన్ హాగెడార్న్ అనే వైద్యునితో కలిసి కోపెన్‌హేగెనులో ఇన్సులిను తయారీ ప్రారంభించినాడు. ఆవిష్కర్తలు తమ హక్కును తలా ఒక డాలరుకు టొరాంటో విశ్వవిద్యాలయానికి వ్రాసి ఇచ్చినందువల్ల ఈ విద్య దేశదేశాలకు త్వరగా ప్రాకినది.

అయితే దేశదేశాలలో మందు తయారయ్యేసరికి కొత్త చిక్కు వచ్చినది. ఇన్సులినును తులాలలోనో గ్రాములలోనో తూచి ఇవ్వడానికి వీలులేదు. ఒక చోట తీసిన రసం గాఢంగా ఉంటుంది, మరొక చోట పలుచగా ఉంటుంది. దాని బలాన్ని అది చక్కెరను ఎంత దింపుతుందనే దానినిబట్టి కొలవవలెను. లండనులో కొలిచిన పది పాళ్ళు కోపెన్‌హేగెనులో పది పాళ్ళు కాకపోతే రోగి ఊరు దాటలేడు. అందువల్ల నానాజాతి సమితి ఆరోగ్యశాఖ పూనుకొని 1925లో ప్రపంచానికంతటికీ ఒకే ప్రమాణం నిర్ణయించినది. నాటినుంచి ఒక యూనిట్ ఎక్కడైనా ఒక యూనిట్టే. బంగారానికి, కాలానికి, దూరానికి ప్రపంచం ఉమ్మడి కొలతలు ఏర్పరచుకొన్నట్లే, ఒక రోగి ప్రాణానికి కూడా ఉమ్మడి కొలత ఏర్పడినది. మధుమేహి విదేశయానానికి నిజమైన అనుమతిపత్రం ఆనాడు వ్రాయబడినదని నా అభిప్రాయం. కాని ఆ పత్రంలో ఒక చిన్న లొసుగు మిగిలిపోయినది. దాని సంగతి తరువాత చెబుతాను.

మందు ఉన్నది, కొలత ఉన్నది. పరదేశంలో సరఫరా తెగిపోతే ఏమి గతి? దీనికి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఒక దంపతుల జీవితమే సమాధానం చెప్పినది. ఈవా సాక్సెల్, విక్టర్ సాక్సెల్ చెకొస్లొవేకియాకు చెందిన యూదులు. నాజీల బారినుంచి తప్పించుకొని చైనాలోని షాంఘై నగరం చేరినారు. అక్కడ ఉండగా ఈవాకు ఇరవయ్యేళ్ళ వయస్సులో మధుమేహం వచ్చినది. 1941 డిసెంబరులో జపాను యుద్ధంలో దిగి నగరాన్నంతటినీ వశపరచుకొన్న తరువాత మందుల దుకాణాలు మూతపడినవి. చీకటి బజారులో దొరికే ఇన్సులినుకు బంగారం ధర. అది కూడా నమ్మదగినది కాదు.

విక్టర్ వైద్యుడు కాదు, రసాయనవేత్త కాదు. బట్టల మిల్లుల ఇంజనీరు. వారికి దొరికినది ఒక వైద్యగ్రంథం. అందులో బాంటింగు, బెస్టులు క్లోమంనుంచి రసం తీసిన పద్ధతి వర్ణింపబడి ఉన్నది. ఆ దంపతులు ఒక చైనా దేశీయుని సహాయంతో చిన్న ప్రయోగశాల సంపాదించి, నీటి గేదెల క్లోమాలు తెప్పించి, ఆ పుస్తకం చూచి ఇన్సులిను తీయడం మొదలుపెట్టినారు. కుందేళ్ళమీద పరీక్షించి బలం తెలుసుకొన్నారు. వచ్చిన ద్రవం గోధుమరంగులో ఉన్నది. ఒక దినం ఈవా ఆ గోధుమరంగు ఇన్సులినును తన ఒంటికి ఎక్కించుకొన్నది. అది పనిచేసినది. యుద్ధం ముగిసేవరకు ఆ ప్రయోగశాల ఈవానేకాక షాంఘైలో చిక్కుకొన్న వందలాది మధుమేహులను కాపాడినది.

యుద్ధానంతరం ఆ దంపతులు అమెరికా చేరినారు. 1950లలో ఎడ్వర్డ్ మరో నిర్వహించిన ప్రసిద్ధ రేడియో ప్రసంగ పరంపరలో ఈవా కూడా మాట్లాడినది. ఆమె 2002 వరకు జీవించినది. ఆ కథ చదివినప్పుడు రేడియోలో పనిచేసేవానిగా నాకు కొంత గర్వం కలిగినమాట నిజమే. కాని అంతకన్న ఎక్కువగా నన్ను పట్టుకొన్నది ఒక పుస్తకం. ఆ గ్రంథం ఎవరో వ్రాసి ఉంచకపోతే, దానిని చదివి అర్థం చేసుకొనే ఓపిక వారికి లేకపోతే, అన్ని ప్రాణాలు నిలిచేవి కావు. పరదేశంలో రోగికి సీసాతోపాటు తన వ్యాధిని గురించిన జ్ఞానం కూడా తోడు ఉండవలెను.

ఇక శాంతికాలపు ప్రయాణాలకు వద్దాము. ఓడలలో పోయే రోజులలో మధుమేహికి ఒక సౌకర్యం ఉండేది. ఓడ నెమ్మదిగా పోతుంది. గడియారం రోజుకు కొద్ది నిమిషాలో, గంటో మారుతుంది. శరీరం దానికి అలవాటుపడుతుంది. విమానం వచ్చి ఆ సౌకర్యాన్ని తీసివేసినది. హాగెడార్న్ 1936లోను, ఆయన ప్రయోగశాలవారు 1946లోను, నెమ్మదిగా పనిచేసే ఇన్సులినులను తయారుచేసినారు. ఒక్క సూదితో రోజులో చాలాభాగం గడుస్తుంది. మంచిదే. కాని 1950లలో జెట్ విమానాలు వచ్చిన తరువాత అసలు 'రోజు' అంటే ఎంత అన్న ప్రశ్న బయలుదేరినది.

గడియారం చూచి మాట్లాడే ఉద్యోగం నాది. స్టూడియోలో అరనిమిషం తప్పినా శ్రోతలు ఊరుకోరు. అందువల్ల ఈ లెక్క నాకు ఇష్టమైనది. ఆగస్టు నెలలో న్యూయార్కు కాలం మన కాలంకన్న తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది. మన గడియారం చొప్పున బయలుదేరిన మనిషి అక్కడి గడియారాన్ని పట్టుకొనేసరికి ఆ రోజు ఇరవై నాలుగు గంటలు కాక ముప్పై మూడున్నర గంటలు అవుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ రోజు పదునాలుగున్నర గంటలకు కుదించుకొనిపోతుంది. పడమరకు పోయేటప్పుడు సాగిన పగటికి అదనంగా ఇన్సులిను, ఆహారం కావలసిరావచ్చు. తూర్పుకు వచ్చేటప్పుడు రెండు మోతాదులు దగ్గరదగ్గర పడి చక్కెర మితిమీరి దిగిపోవచ్చు. ఎంత పెంచవలెను, ఎంత తగ్గించవలెను అన్నది రోగిని ఎరిగిన వైద్యుడు నిర్ణయించవలసినది. మా మేనల్లుని ప్రయాణానికి నేను ఒక కాగితంమీద గంటలు గీచి ఇచ్చినాను. వాని వైద్యుడు ఆ గంటల ఎదురుగా మోతాదులు వ్రాసినాడు. విమానంలో వాడు చేతిగడియారాన్ని మన కాలంమీదనే ఉంచుకొని, దిగిన తరువాతనే మార్చినాడు.

ఇప్పుడు మా అక్కయ్య ప్రశ్నకు వస్తాను. సీసాలు ఏ పెట్టెలో పెట్టవలెను? ఇన్సులినుకు వేడి పనికిరాదు, గడ్డకట్టించే చలి అసలే పనికిరాదు. తెరవని సీసాను రెండు డిగ్రీలకు, ఎనిమిది డిగ్రీలకు నడుమ ఉంచవలెను. వాడుకలో ఉన్న సీసా మామూలు చల్లదనంలో సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. దానిమీద అచ్చువేసిన గడువునే పాటించవలెను. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిను కరిగిన తరువాత చూపుకు బాగానే ఉండవచ్చు, కాని దానిని నమ్మరాదు. విమానం అడుగుభాగంలో సామాను ఉంచేచోట ఎంత చలి ఉంటుందో మన చేతిలో లేదు. ఆ పెట్టె మనతోపాటు వస్తుందో, మరొక దేశం పోతుందో అదికూడా మన చేతిలో లేదు. కాబట్టి ఇన్సులిను చేతిసంచిలో, మనిషి దగ్గర ఉండవలెను. మంచుగడ్డ సంచికి కూడా నేరుగా తగలకుండా బట్ట చుట్టవలెను. మన పల్లెలలో మంచుపెట్టె లేని ఇండ్లవారు కొత్త మట్టికుండలో తడి ఇసుక పోసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో సీసాను పెట్టి ఆ ఇసుకలో నిలపడం కద్దు. నీరు ఆవిరి అయ్యేకొద్దీ కుండ చల్లబడుతుందన్న ఈ పాత సూత్రంమీదనే ఇప్పుడు ప్రయాణీకులకు తడిపి వాడే గుడ్డసంచులు కూడా అమ్ముతున్నారు.

ఇక ఇందాక చెప్పిన లొసుగు. యూనిట్ ప్రపంచమంతటా ఒకటే అన్నాను. కాని ఒక మిల్లీలీటరు ద్రవంలో ఎన్ని యూనిట్లు నింపవలెనన్నది దేశానికొక విధంగా సాగినది. తొలి రోజులలో పది, ఇరవై, నలభై, ఎనభై అని రకరకాల బలాల సీసాలు ఉండేవి. వాటితో పొరబాట్లు జరిగి రోగులకు హాని కలుగుతుండగా, అమెరికాలో 1970లలోను, బ్రిటనులో 1983లోను మిల్లీలీటరుకు నూరు యూనిట్ల ప్రమాణం స్థిరపడినది. మన దేశంలో కలం ఆకారపు సాధనాలలో వచ్చేది నూరు యూనిట్ల బలమే అయినా, సీసాలలో నలభై యూనిట్ల బలం నేటికీ విరివిగా ఉన్నది. దానికి తగిన సిరంజికి ఎర్రని మూత. నూరు యూనిట్ల సిరంజికి నారింజరంగు మూత.

మా మేనల్లుడు ఖర్చు తక్కువని సీసాలు, సిరంజిలే వాడేవాడు. అమెరికా చేరిన నాలుగు నెలలకు ఇక్కడినుంచి తీసుకొనిపోయిన సీసాలు అయిపోయినవి. అక్కడి వైద్యుని చీటీతో కొత్త సీసా కొన్నాడు. సిరంజిలు మాత్రం మన ఊరివి ఇంకా ఒక కట్ట మిగిలినవి. ఒక రాత్రి భోజనానికి ముందు, చదువు అలసటలో, ఎర్రమూత సిరంజితో కొత్త సీసానుంచి ఇరవై గీతవరకు తీసినాడు. సూది ఒంటికి తగలబోయేముందు సీసామీది నూరు అంకె కంటబడినది.

శ్రోతలు ఈ లెక్క ఒకమారు వేసి చూడగోరుతాను. నలభై యూనిట్ల సిరంజిలో ఇరవై గీత అంటే అర మిల్లీలీటరు. నూరు యూనిట్ల సీసానుంచి అర మిల్లీలీటరు తీస్తే అందులో ఉండేది ఇరవై కాదు, యాభై. రెండున్నర రెట్లు. గదిలో ఒంటరిగా ఉన్న పిల్లవాడు అంత ఇన్సులిను వేసుకొని పడుకొంటే తెల్లవారి తలుపు తట్టేవారు ఎవరు? తారుమారుగా, నలభై యూనిట్ల సీసానుంచి నూరు యూనిట్ల సిరంజితో ఇరవై గీతవరకు తీస్తే దక్కేది ఎనిమిది యూనిట్లే. విదేశంనుంచి సిరంజిలు తెచ్చుకొని ఇక్కడి సీసాలతో వాడేవారు అటువంటి కొరతకు లోనవుతారు. సీసా ఏ దేశానిదైతే సిరంజి ఆ బలానిదే కావలెను. ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ కంఠస్థం కావలెను.

వాడు ఆ సిరంజిని బల్లమీద పెట్టి, చేతులు వణకుతూ, నాకు ఫోను చేసినాడు. "మామయ్యా, అమ్మకు చెప్పకు" అన్నాడు. నేను చాలాకాలం చెప్పలేదు. ఈ ప్రసంగం వ్రాయడానికి ముందు వాని అనుమతితో అక్కయ్యకు చెప్పినాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "చూచుకొన్నాడు కదా" అన్నది.

రక్తంలోని చక్కెర కొలతకూ ఇటువంటి చిక్కే ఉన్నది. మన దేశంలోను అమెరికాలోను దానిని మిల్లీగ్రాముల లెక్కన చెబుతారు. బ్రిటను, కెనడా, ఆస్ట్రేలియాలలో మిల్లీమోలులలో చెబుతారు. మన నూట ఎనభై అక్కడ పది. మన అంకెను పదునెనిమిదితో భాగిస్తే వారి అంకె వస్తుంది. మార్గమధ్యంలో జబ్బుపడి అక్కడి ఆసుపత్రిలో చేరవలసివస్తే ఈ చిన్న భాగహారం ఉపకరిస్తుంది.

తక్కిన జాగ్రత్తలు ఇంతకాలపు అనుభవంలో ఏర్పడినవే. ప్రయాణానికి కావలసినదానికి రెట్టింపు ఇన్సులిను, సూదులు, పరీక్ష బిళ్ళలు ఉంచుకొనవలెను. తోటి ప్రయాణీకుడు ఉంటే వాటిని ఇద్దరి చేతిసంచులలో పంచవలెను. వ్యాధి పేరు, మందుల అసలు పేర్లు, మోతాదులు వ్రాసి వైద్యుడు సంతకం చేసిన ఉత్తరం ఒకటి పాస్‌పోర్టుతోపాటు ఉండవలెను. దుకాణంలో పెట్టిన పేర్లు దేశానికొకటి మారుతాయి గనుక అసలు పేరు ముఖ్యం. తనిఖీచేసే ఉద్యోగికి సూదులను తానే ముందుగా చూపడం మంచిది. ఒంటికి తగిలించుకొనే ఇన్సులిను పంపు, చక్కెర కొలిచే సాధనం ఉన్నవారు వాటిని కిరణాల యంత్రంలో పెట్టవచ్చునా లేదా అన్నది తయారుచేసినవారి సూచన చూచి ముందే తెలుసుకొనవలెను. గ్లూకోజు బిళ్ళలో, పంచదారో జేబులో ఉండవలెను; పైన అరలోని సంచిలో ఉన్న పంచదార, చెమటలు పట్టి చేతులు వణకేవానికి అందదు. విమానంలో భోజనం ఎదురుగా వచ్చిన తరువాతనే భోజనపు సూది వేసుకొనవలెను. గాలి ఒడుదుడుకులవల్ల భోజనం గంట ఆలస్యమైతే లోపల పడిన ఇన్సులిను ఆగి ఉండదు. ప్రక్కన కూర్చున్నవారికి తన వ్యాధి సంగతి ఒక్క మాట చెప్పి ఉంచడంలో చిన్నతనం లేదు.

ఈ చివరిమాట కొంచెం నొక్కి చెప్పవలసి ఉన్నది. మన ఇండ్లలో పిల్లలకు మధుమేహం వస్తే, ముఖ్యంగా ఆడపిల్లలకు వస్తే, పదిమందికి తెలియకుండా దాచే అలవాటు ఇంకా పోలేదు. ఎలిజబెత్ హ్యూస్ కూడా తన వ్యాధిని జీవితమంతా దాచుకొన్నది. ఆమె ఇంట అండదండలు ఉన్నవి కనుక చెల్లినది. పరదేశంలో ఒంటరిగా ఉండే విద్యార్థి ఆ గుట్టును మోయరాదు. గదిలో ఉండే స్నేహితునికి, చెమటలు పోసి మాట తడబడితే ఏమి చేయవలెనో, స్పృహ తప్పితే నోట ఏమీ పోయకుండా ఎవరిని పిలువవలెనో ముందే చెప్పి ఉంచవలెను.

1978లో సూక్ష్మజీవుల చేత మానవ ఇన్సులినును తయారుచేయించడం శాస్త్రజ్ఞులు సాధించినారు. 1982నుంచి అది రోగులకు అందినది. గేదెల క్లోమాలకై వెదకిన షాంఘై దంపతులకు అది కలలోని మాటగా తోచి ఉండవచ్చు. 1985లో కలం ఆకారపు సాధనం, 2000లో రోజంతా సమంగా పనిచేసే కొత్తరకం ఇన్సులిను వచ్చినవి. ఇప్పుడు ఒంటికి అతికించుకొన్న బిళ్ళ ఒకటి చక్కెరను నిమిషనిమిషానికీ కొలిచి చెబుతున్నది. మా మేనల్లుని ఒంటిమీద కూడా ఇటీవల అటువంటిది చేరినది. అమెరికాలో అర్ధరాత్రి వాని చక్కెర దిగితే విజయవాడలో పగటివేళ మా అక్కయ్య ఫోను మ్రోగుతుంది. ఆమె వంటింట్లోనుంచి వానిని నిద్రలేపుతుంది.

అయినా ఆమె ఆ ఫోనునే నమ్ముకొని కూర్చోలేదు. ఈ సంవత్సరం వాడు సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు నేను మళ్ళీ ఆ ఇంటికి పోయినాను. ఆవకాయ జాడీలు, త్రాసు, పెట్టెలు అన్నీ మామూలే. ఇన్సులిను ఉన్న చేతిసంచి మాత్రం గుమ్మం దగ్గర కుర్చీమీద విడిగా ఉన్నది. దానికి ఒక కాగితం పిన్ను చేసి ఉన్నది. అందులో మా అక్కయ్య గుండ్రని అక్షరాలతో గంటలు, మోతాదులు వ్రాసి, అడుగున ఎర్ర సిరాతో, "సీసామీది అంకె, సిరంజిమీది అంకె – రెండూ చూడు" అని వ్రాసినది.